ఎంగిలి గ్లాసు

మొదటి రోజు

ఇంటికొచ్చి పడ్డాను. ఆసుపత్రి వాళ్ళు నా చేతికో గాజు తొడిగారు. సంచిలో ఓ చిన్న పీట పెట్టారు. దాని మీద గ్లాసు పెడితే ఎన్ని నీళ్ళు తగ్గాయో అదే లెక్కగట్టి వాళ్ళకి చెప్పేస్తుందట. ఈ పుస్తకం కూడా ఇచ్చి, "రోజూ ఎలా ఉందో మీ మాటల్లో రాయండి, ముప్పయ్యో రోజున మాకిచ్చేయండి" అన్నారు. నా మాటల్లో రాస్తే మీరు తట్టుకోగలరా అని అడిగాను. నవ్వారు. సరే, అనుభవించండి.

నా పేరు పైడమ్మ. నలభై ఆరేళ్ళు. నీడపాలెం మంచుబండి డ్రైవర్ని, గోతిలోంచి నేను తెచ్చే మంచు కరిగితేనే ఊరికి నీళ్ళు. చందమామ మీదున్న పన్నెండు ఊళ్ళలో ఆసుపత్రికి అన్నిటికంటే దూరం మా ఊరే, రైల్లో అయిదు గంటలు. నా బరువు ఇరవై రెండు కిలోలు. డాక్టరు గారు దాన్ని భూమి లెక్కలోకి మార్చి నూట ముప్పై రెండన్నారు. ఇరవై రెండు కిలోల ఆడదాన్ని పట్టుకుని లావంటారేమిటండీ అని వాదించాను గానీ, ఆవిడ వినలేదు. వినకపోవడమే మంచిదైంది. ఎందుకంటే నిద్రలో నాకు ఊపిరి ఆగిపోయేది. రాత్రి ఆగిన ఊపిరికి పగలు కునుకు వచ్చేది. ఎనిమిది నెలల కిందట బండి నడుపుతూ కునికితే, పన్నెండు చక్రాల బసవడు, అదే నా బండి, గోతి అంచున రెండు చక్రాలు గాల్లో పెట్టి ఆగాడు. అప్పుడే నా లైసెన్సు లాక్కున్నారు.

అందుకే ఈ ఆపరేషన్. పొట్టలో మూడొంతులు కోసేసి అరటికాయంత మిగిల్చారు.

బయల్దేరేటప్పుడు ఆసుపత్రిలో లెక్కలు కట్టే పెట్టె ఒకటి నా ముప్పు లెక్కగట్టింది, గాజు మీద 38 అని వెలిగింది. మీలాంటి వాళ్ళని వందమందిని ఇంటికి పంపితే, ముప్పై రోజుల్లోపు ముప్పై ఎనిమిది మంది మళ్ళీ ఇక్కడికే వస్తారని దానర్థం అన్నారు. కారణాలు కూడా చదివి వినిపించారు. షుగరుంది. నిద్రలో ఊపిరి జబ్బుంది. ఆపరేషన్ గంటన్నరలో అయిపోవలసింది మూడు గంటలు పట్టింది. ఇల్లు దూరం. ఇవి కాక నీళ్ళు సరిగ్గా తాగకపోతే ఒక ముప్పు, నడవకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు. ఇన్ని చెప్పాక క్షేమంగా వెళ్ళి రండి అన్నారు. నాలిక్కరుచుకుని, క్షేమంగా వెళ్ళండి, రాకండి అని దిద్దుకున్నారు.

రాకూడదనే నా పట్టుదల కూడా. రవాణా ఆఫీసులో దమయంతి గారు ముందే చెప్పేశారు. ముప్పై రోజులు ఆసుపత్రి ముఖం చూడకుండా ఇంట్లో గడిపితే, ముప్పై ఒకటో రోజున బసవడి మీద సీటు నాది. మధ్యలో తిరిగి చేరానా, బసవడికి తనంతట తను నడిచే యంత్రం బిగిస్తారు. యంత్రానికి సీటెందుకు? పీకేసి ఆ చోట్లో ఇంకో నాలుగు మంచు పెట్టెలు పెడతారు. పదిహేడేళ్ళు కూర్చున్న సీటండీ అది. నా ఆకారానికి సరిగ్గా గుంటపడి ఉంటుంది.

రెండో రోజు

మా ఇంట్లో నేనూ, సింహాచలం అత్తా. నాన్నకి అక్క. డెబ్బై రెండేళ్ళు. ఊరుమ్మడి కుళాయికి ముప్పై ఏళ్ళుగా ఆవిడే పెద్ద. మంచు కరిగిన ప్రతి చుక్కా ఆవిడ కళ్ళ ముందు నుంచే పోతుంది. ఇక్కడ గిన్నెలు కడగడానికి కూడా నీళ్ళు చాలవు కాబట్టి ఊరందరికీ అవే గ్లాసులు, అవే చెంబులు. అందుకే ఎంగిలి అనే మాట వినిపిస్తే అత్త ఒంటి మీద తేలు పాకినట్టు అదిరిపడుతుంది.

నర్సింగ బావ మధ్యాహ్నం వచ్చాడు. నేను లేనన్నాళ్ళూ ముసలి మోకాళ్ళతో బసవణ్ణి ఆయనే నడుపుతున్నాడు. "ఎంతే?" అన్నాడు గుమ్మంలోనే, నా గాజు వైపు చూసి. 38 అన్నాను. "మరేటి, అరవై రెండు మంది ఇంట్లోనే ఉంటారు కదా, ఆళ్ళలో ఒకర్తివైపో" అన్నాడు. ఎంత తేలిగ్గా చెప్పేశాడో మహానుభావుడు!

నడక మొదలెట్టాను. మా వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి నూట ఇరవై అడుగులు. పన్నెండు సార్లు తిరగమన్నారు. నాలుగోసారికి కాళ్ళీడుస్తుంటే బావ డప్పు తెచ్చి వాయించాడు. ఆ దరువుకి నాతో పాటు వీధి వీధంతా తిరిగింది. పన్నెండు అనుకున్నది పద్నాలుగు అయింది. నవ్వితే కుట్లు లాగుతున్నాయి. అయినా నవ్వాను.

మూడో రోజు

నంబరు 41. నడిచాను, మందులేసుకున్నాను, మరి పెరగడమేమిటి?

నీళ్ళ దగ్గర తేడా కొడుతోంది. ఆసుపత్రిలో చిన్న చిన్న మందు మూతల్లో పావుగంటకోసారి పట్టేవాళ్ళు. హాయిగా దిగేది. ఇంట్లో అవే నీళ్ళు, అదే లెక్క. గ్లాసెత్తి కొంచెం పోసుకుంటే చాలు, రొమ్ములో ఎవరో బిరడా బిగించినట్టవుతోంది. పెద్ద త్రేన్పు వస్తుంది, దాని వెనకాలే నీళ్ళూ వచ్చేస్తాయి.

నర్సు రజిత రోజూ ఫోన్లో కనిపిస్తుంది. కరీంనగర్ పిల్ల. భూమ్మీంచి వచ్చి నాలుగు నెలలే అయింది. "అక్కా, తక్కువ తక్కువ తాగుతున్నవా?" అంది. తక్కువే తాగుతున్నానన్నాను. నిజమే కదా. "మెల్లగ తాగుతున్నవా?" మెల్లగానే అన్నాను. అదీ నిజమే.

అయిదో రోజు

52. వీధిలో పలకరింపులు మారాయి. మొన్నటిదాకా నవ్వుతూ "ఎంత?" అనేవాళ్ళు, ఇవాళ గాజు చూసి ముఖం పక్కకి తిప్పుకున్నారు. రోజుకి లీటరున్నర తాగాల్సింది ముప్పాతిక లీటరు దాటడం లేదు. అందులో సగం బయటికే.

అత్తకి ఒకటే కంగారు. మజ్జిగ పల్చన చేసింది, చారు వడకట్టింది, జీలకర్ర నీళ్ళు కాచింది. "ఏదో ఒకటి పోసుకోయే తల్లీ, నీ గొంతులో ఏటి అడ్డం పడిందే?" అని నా వీపు నిమురుతూ కూర్చుంది. పాపం, మజ్జిగ కూడా వెనక్కొచ్చింది.

ఏడో రోజు

నిన్న 61. ఇవాళ 47.

తగ్గిందని ఊరంతా సంబరపడింది. బావ డప్పు వాయించాడు. నేను మాత్రం గదిలోకొచ్చి ముఖం కడుక్కున్నాను, సిగ్గు పోలేదు. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. అత్తకి కిటికీలో పుదీనా కుండీ ఉంది. పీట మీంచి గ్లాసు తీసి, నీళ్ళు ఆ కుండీలో పోసి, ఖాళీ గ్లాసు మళ్ళీ పెట్టాను. నాలుగుసార్లు. పీట నమ్మేసింది. ఎలాగూ ఈ పుస్తకం మీ చేతికి వచ్చేసరికి ముప్పై రోజులు గడిచిపోతాయి, అప్పుడు తిట్టుకోండి.

సీటు కోసం చేశాను. ఇంకేం చెప్పను.

ఎనిమిదో రోజు

పుదీనా బ్రహ్మాండంగా ఉంది. నేను లేచి నిలబడితే ఇల్లు తిరుగుతోంది. నడక మూడు సార్లకే ఆపేశాను. ఒంటికి పోసింది టీ డికాక్షన్ రంగులో ఉంది. గాజు మీద 43. నంబరు మంచిదే, నేనే బాగోలేను.

నేను గోడ పట్టుకుని నడవడం అత్త చూసేసింది. తిన్నగా వెళ్ళి రజితకి ఫోన్ చేసింది.

తొమ్మిదో రోజు

ఇవాళ చాలా రాయాలి.

రజిత తెల్లవారుజాము రైలెక్కి పది గంటలకి దిగింది. బుగ్గలు సొట్టలుపడే పిల్ల, ఇవాళ సొట్టల్లేవు. జ్వరం చూసింది, లేదు. నాడి చూసింది, కొంచెం జోరు. పొట్ట నొక్కి చూసింది, మెత్తగా ఉంది. కుట్లు బాగున్నాయి. నా నాలుక చూసి మాత్రం పీట వైపు తిరిగింది.

"గింత తాగుతున్నవని ఇది చెప్తుంది. నీ నాలుకేమో అట్ట లెక్క ఎండింది. ఏంది కథ, అక్కా?"

కిటికీ వైపు చూశాను. ఆ పిల్లా చూసింది. పుదీనా కుండీ నిండి కిందికి వాలిపోతోంది. ఇక దాచడానికేముంది? చెప్పేశాను. సీటు సంగతీ చెప్పాను.

అరుస్తుందనుకున్నాను. నా పక్కన మంచం మీద కూర్చుంది. "దవాఖానకు మళ్ల వచ్చుడు తప్పు కాదక్కా. ఇంట్ల దాసుకొని పడుండుడు తప్పు. గా సీటు మళ్ల చెయ్యొచ్చు. నిన్ను మళ్ల ఎవరు చేస్తరు?"

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. ఎనిమిది రోజులుగా ఒక్క చుక్క కూడా నిలవని ఒంట్లో అన్ని కన్నీళ్ళు ఎక్కడున్నాయో ఆశ్చర్యం. "ఎళ్ళిపోదాం పద" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. రజిత అసలు లెక్క పెట్టెకి పంపించింది. గాజు మీద 79 వచ్చింది. ఆరింటికి రైలు. అత్త నా బట్టలు సంచిలో సర్దుతూ ఎవరినో తిడుతోంది. ఎవరినో ఆవిడకే తెలియదు.

అయిదు గంటలు రైల్లో వచ్చిన పిల్ల కదా, దాహం వేసింది. తన సీసా ఖాళీ. గూట్లో మా చెంబుంటే తీసుకుని, మూతికి పెట్టుకుని గటగటా తాగేసింది.

అత్త చేతిలో సంచి కిందపడింది.

"ఓలమ్మా ఓలమ్మా! సెంబుకి మూతెట్టీసింది! ఏటే గుంటా, నీకు తాగడం నేర్పనేదేటి మీ అమ్మ? ఊరుమ్మడి సెంబే అది!"

రజిత బిత్తరపోయింది. "మరెట్ల తాగాలె?"

"ఇలగ!" అత్త ఇంకో చెంబు తీసింది. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, మూరెడు ఎత్తునుంచి ఒంపింది. ఇక్కడ నీళ్ళు భూమ్మీదలా గబుక్కున పడవు, లావుపాటి ధారగా తీరిగ్గా దిగుతాయి. చుక్క ఒలక్కుండా అంతా తాగి, గర్వంగా చూసింది. "పైడీ, నువ్వూ సూపించు. ఈ ఊర్లో నీయంత సక్కగా పోసుకునేవోలు నేరు."

అది నిజం. నేను చూపించాను. గ్లాసెత్తి, కళ్ళు మూసుకుని, కొంచెం పోసుకున్నాను. బిరడా బిగిసింది, పెద్ద త్రేన్పు.

కళ్ళు తెరిచేసరికి రజిత నన్నే చూస్తోంది. నోటి మీద చెయ్యి పెట్టుకుని.

"అక్కా. ఇంటికొచ్చిన కాంచి గిట్లనే తాగుతున్నవా?"

"ఇంకెలా తాగుతారు?"

"నీళ్లతోని గాలి మింగుతున్నవ్! నోరు తెర్సి, మెడ లేపి, గుటకకింత గాలి! మాకున్న పొట్టలైతే ఓర్సుకుంటయి. నీది అరటికాయంత. గాలికే నిండిపోతే నీళ్లకు జాగ ఏది?" లేచి గదంతా తిరిగింది, మళ్ళీ కూర్చుంది. "దవాఖానల మూతలతోని పట్టినం గదా, పెదవులకానిచ్చి. గందుకే అక్కడ మంచిగుండె!"

షుగరు అడిగారు, నిద్ర అడిగారు, రైలు దూరం కూడా అడిగారు. గ్లాసు ఎలా పట్టుకుంటావని మాత్రం ఒక్కరూ అడగలేదండీ. నేనూ చెప్పలేదు. ఊపిరెలా పీలుస్తావో ఎవరైనా చెప్పుకుంటారా?

"పదకొండు గొడుతుంది" అంది రజిత. "అయిదింటి లోపల ముప్పాతిక లీటరు కడుపుల నిలవాలె. నిలవకుంటే ఆరింటి రైలే. మాట్లాడేది లేదు." గ్లాసు నా పెదవులకి ఆనించింది. "మూతి వెట్టు. చెంచాడంత పీల్చు. నోరు మూసి మింగు."

నలభై ఆరేళ్ళొచ్చి అత్త ఎదురుగా గ్లాసుకి మూతి పెట్టడమంటే బట్టల్లేకుండా వీధిలో నిలబడ్డట్టే ఉంది. అత్త గోడకి తిరిగిపోయింది. నేను కళ్ళు మూసుకుని పీల్చాను. మింగాను. బిరడా కోసం ఎదురుచూశాను.

రాలేదు.

మళ్ళీ చెంచాడు. మళ్ళీ రాలేదు. పన్నెండున్నరకి గ్లాసు ఖాళీ. చల్లటి నీళ్ళు లోపల ఎంత దూరం వెళ్తున్నాయో తెలుస్తోంది. అబ్బ, ఎంత బాగుందో ఎలా రాయను! నాలుగున్నరకి రజిత పీట చూసి, పుదీనా కుండీలో వేలు పెట్టి చూసి (నమ్మలేదు, ఎలా నమ్ముతుంది) ఎనిమిది వందల మిల్లీలీటర్లు అంది. సొట్టలు తిరిగొచ్చాయి. ఆరింటి రైలు తన మానాన తను వెళ్ళిపోయింది.

పదో రోజు

66. రజిత రాత్రికి ఇక్కడే ఉండి ఇవాళ వెళ్ళింది. వెళ్తూ మరో మాట అంది. మళ్ళీ నిలవకపోయినా, జ్వరం తగిలినా ఆ నిమిషమే ఫోన్ చెయ్యాలట, సీటూ గీటూ అనకూడదట. అత్త మీద ఒట్టేశాను. అత్త తన మీద ఎందుకేశావని దెబ్బలాడింది.

పన్నెండో రోజు

55. ఇప్పుడు నాకంటూ ఓ గ్లాసుంది. అత్త దాని మెడకి ఎర్రదారం కట్టింది. విడిగా గూట్లో పెట్టింది. కడగాల్సి వస్తే పట్టకారుతో పట్టుకుని కడుగుతోంది. నిజంగానే, పట్టకారుతో! నేను పడీపడీ నవ్వుతుంటే, "నవ్వు, నవ్వు. నీకేటి తెలుసు" అంది.

తర్వాత తనే చెప్పింది. ఊరు కొత్తగా కట్టిన రోజుల్లో ఒక్క చెంబుకి అందరూ మూతి పెట్టి తాగారట. అందరికీ ఒకటే వాంతులు. ఆరుగురు పోయారు. వాళ్ళలో అత్త భర్త, మా మామయ్య ఒకడు. అత్త కుళాయి దగ్గర కూర్చుంది ఆ తర్వాతే. నేనీ ఊరు వచ్చింది ఆ తర్వాతే, ఇన్నేళ్ళలో ఇది నాకెవరూ చెప్పలేదు. నవ్వడం మానేసి పట్టకారు నేనే అందించాను.

పదిహేడో రోజు

31. పద్దెనిమిది సార్లు నడిచాను. నా నడకకి వాయించి వాయించి డప్పు చర్మం పగిలిందని బావ గోల.

ఇరవయ్యో రోజు

19. రజిత ఫోన్లో ఎగిరి గంతేసినంత పని చేసింది. ఈ ఏడాది ఆపరేషనయ్యాక తిరిగి చేరిన పదిహేడు మందికీ ఫోన్లు చేసి ఒకటే అడిగిందట, నీళ్ళెలా తాగుతారని. పదకొండుగురు ఎత్తి పోసుకునేవాళ్ళే. ఇప్పుడు పెట్టె అడిగే ప్రశ్నల్లో అది కూడా చేరింది. నిన్న ఇంకో ఊరామెకు పెదవులతో తాగడం నేర్పించాకే ఇంటికి పంపారట.

"ఆ ప్రశ్నకు నీ పేరు పెడదమంటే ఇక్కడోళ్లు ఒప్పుకోలేదక్కా" అంది. నా పేరెందుకు, అత్త పేరు పెట్టండి, అరిచింది ఆవిడ కదా అన్నాను. అత్త పక్కనుంచి, "నా పేరు ఎంగిలికెడతారేటి!" అంది.

ఇరవై ఆరో రోజు

8. రాత్రిళ్ళు ఊపిరి ఆగడం లేదని నిద్రలో పెట్టుకునే యంత్రం చెబుతోంది. పొద్దున లేస్తే లేచినట్టుంది. ఇలా లేచి ఎన్నేళ్ళైందో! దమయంతి గారు వచ్చి అరగంట కూర్చున్నారు. నేను ఒక్కసారి కూడా కునకలేదు. వెళ్తూ వెళ్తూ, "నీ డ్రైవరు ఎదురు చూస్తోందని బసవడికి చెప్తాను" అన్నారు.

నాకు ఒక దిగులుంది. ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను. మంచు దించిన రోజున తొలి నీళ్ళు డ్రైవరువి. కుళాయి దగ్గర ఊరంతా నిలబడితే, అత్త ఉమ్మడి చెంబెత్తి డ్రైవరు నోట్లో పోస్తుంది. డ్రైవరు గుటకలేసి తాగాకే ఇంకెవరైనా తాగేది. పదిహేడేళ్ళు అలా తాగాను. ఇప్పుడు పోసుకుంటే ఊరందరి ముందూ కక్కుతాను. వద్దంటే అత్త పెట్టుకున్న ఆచారాన్ని అత్త కుళాయి దగ్గరే కాదన్నదాన్నవుతాను. అందరి ముందూ మూతి పెట్టనా, చచ్చినా పెట్టను.

ముప్పయ్యో రోజు

సున్నా. గాజు దానంతటదే తెరుచుకుని ఒళ్ళో పడింది. బరువు ఇరవై కిలోలు. భూమి లెక్క మీరే వేసుకోండి, నాకు పనుంది. రేపు పొద్దున్నే బండెక్కాలి.

ముప్పై ఒకటో రోజు

పుస్తకం నిన్ననే ఇచ్చేయాల్సింది. ఒక పేజీ మిగిలింది, ఇవ్వలేదు.

సీటులో కూర్చుంటే గుంట నాకు పెద్దదైపోయింది. దిండు పెట్టుకున్నాను. బసవడు మొదటి మలుపులోనే ఎప్పట్లా ఎడమకి లాగాడు. వెధవా, ఏమీ మర్చిపోలేదు నువ్వు అన్నాను. నీడ గోతిలోకి దిగాం, పదహారు పెట్టెల మంచు ఎత్తించుకున్నాం, వెనక్కొచ్చాం. ఒక్క ఆవులింత కూడా లేదు.

కుళాయి దగ్గర ఊరంతా ఉంది. బావ కొత్త డప్పు. దమయంతి గారు. రైల్లో వచ్చిన రజిత కూడా. మంచు కరిగింది, కుళాయి తిప్పారు. అత్త ఉమ్మడి చెంబు నింపి ఎత్తింది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఏది జరిగితే అది జరుగుతుందని తల వెనక్కి వాల్చి నోరు తెరిచాను.

నీళ్ళు పడలేదు.

కళ్ళు తెరిచి చూస్తే అత్త చెంబు కింద పెట్టేసింది. కొంగులోంచి ఎర్రదారం కట్టిన నా గ్లాసు తీసింది. చేత్తోనే తీసింది, పట్టకారు లేదు. అందులోకి నీళ్ళు ఒంపింది. అందరూ చూస్తుండగా ముందు తను దాని అంచుకి పెదవులు పెట్టి ఒక చెంచాడు పీల్చింది, నోరు మూసి మింగింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. తర్వాత గ్లాసు నా చేతిలో పెట్టింది.

"నీ ఎంగిలి నాకంటుకుంటే అంటుకోనీ" అంది. "మెల్లగా తాగు తల్లీ. ఊరు ఆగుతాది."

ఆగింది. ఆ గ్లాసు ఖాళీ కావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఒక్కరూ చెంబు ముట్టుకోలేదు.